చిలికా బాతులు ఏ ఫ్లయింగ్ స్కూల్లో చదివాయి?

బరంపురంలో మా తెలుగు గ్రూపులన్నిట్లో ఒకే మెసేజ్ తిరుగుతోంది. పొద్దున బావ పంపాడు, మధ్యాహ్నం ఆఫీసు గ్రూపులో వచ్చింది, రాత్రికి పిన్ని కూడా పంపింది. సారాంశం ఇది: ‘విమానాలు దగ్గర దగ్గరగా ఫార్మేషన్‌లో ఎగరడం పెద్ద విద్యేం కాదు. చిలికా బాతులకి ఎవరు నేర్పారు? ముందున్న లీడర్ని చూస్తూ పోతే చాలు. ఢీకొనకుండా ఇప్పుడు కంప్యూటర్లున్నాయి. పైగా ఇంధనం ఆదా. ట్రైనింగ్ అంతా ఫీజుల దందా.’

నవ్వుకుని వదిలేసేవాణ్ణే. కానీ దాని కింద, ఫ్లయింగ్ క్లబ్‌లో చేరిన మనవాళ్ళ కుర్రాడొకడు ‘నెక్స్ట్ సోలోలో ట్రై చేద్దాంరా, వీడియో తీద్దాం’ అని రాశాడు. సోలో అంటే పక్కన ట్రైనర్ లేకుండా ఒంటరిగా ఎగరడం. దానికి పదిమంది చప్పట్లు.

బాతుల సంగతి త్వరగా తేల్చేద్దాం. చిలికాకి వచ్చే బార్ హెడెడ్ గూస్ రెండు మూడు కిలోలుంటుంది. రెక్కలు తగులుకుంటే సర్దుకుని ఎగురుతుంది. విమానం రెక్క తగిలితే సర్దుకోవడానికేం మిగలదు.

కంప్యూటర్లా? ఢీకొనే ప్రమాదాన్ని హెచ్చరించే టీకాస్, విమానాలు దూరదూరంగా ఉండాలనే లెక్కతో పనిచేస్తుంది. కొన్ని మీటర్ల ఎడంలో అది అరుస్తూనే ఉంటుంది. అందుకే ఫార్మేషన్‌లో సాధారణంగా, విమానం ఉనికిని రేడియోలో చెప్పే ట్రాన్స్‌పాండర్‌ని లీడర్‌ది ఒక్కటే ఆన్‌లో ఉంచి, మిగతావి స్టాండ్‌బైలో పెడతారు.

ఇక నాకు ఒళ్ళు మండించిన మాట: ‘లీడర్ని చూస్తూ పోతే చాలు.’ గోపాల్‌పూర్ రోడ్డు మీద రెండు బైకులు పక్కపక్కన పోతున్నట్టు అనుకుంటున్నారు కాబోలు. బైకుకి బ్రేకుంటుంది. గాల్లో లీడర్ కంటే పది నాట్లు, అంటే గంటకి సుమారు పద్దెనిమిది కిలోమీటర్లు, ఎక్కువ వేగంతో వస్తే సెకనుకి ఐదు మీటర్లు దగ్గరవుతారు. వంద మీటర్ల ఎడం ఇరవై సెకన్లలో అయిపోతుంది. థ్రాటిల్ తగ్గించగానే విమానం ఆగిపోదు. కొత్తవాడు అప్పుడు కంగారుపడి అవతలి పక్కకి ఒరుగుతాడు. అంతే, లీడర్ కనిపించకుండా తన విమానం పొట్టే అడ్డొస్తుంది. ఇద్దరి మధ్య ఎంత దూరం ఉందో ఇప్పుడు వాడికి తెలీదు. కుర్రాళ్ళు నేర్చుకునే సెస్నాకి రెక్కలు పైనుంటాయి కాబట్టి ఒరగకపోయినా సగం ఆకాశం కనిపించదు. శిక్షణలో మొదట నేర్పేది ఇదే: వేగం మిగిలిపోతే లీడర్ మీంచి చూపు తీయకుండా కిందుగా, బయటివైపుకి జారిపోవాలి. లీడర్ కనిపించకపోతే వెంటనే రేడియోలో చెప్పి, ముందే అనుకున్న దిక్కుకి విడిపోవాలి. ఆ దిక్కేదో నేల మీదే మాట్లాడుకుని ఉండాలి. వీడియో తీసేవాడి రెండో చెయ్యి ఫోన్ మీద ఉంటుంది మరి.

చూస్తూ పోవడం ఎక్కడికి తీసుకెళ్తుందో 1982 జనవరిలో నెవాడాలో తెలిసింది. అమెరికా వాయుసేన విన్యాసాల జట్టు థండర్‌బర్డ్స్ లీడర్ విమానం, గాల్లో నిలువుగా చక్రంలా తిరిగే లూప్‌లోంచి పైకి లేవలేకపోయింది. విమానంలో లోపమని వాయుసేన తేల్చింది. ఆయన మీదే చూపు నిలిపిన మిగతా ముగ్గురూ వెంటే నేలలోకి వెళ్ళారు. అందుకే లీడర్‌గా ఎగరడానికి వేరే శిక్షణ ఉంటుంది. అంతర్జాతీయ నిబంధన కూడా విమానాల మధ్య ఎడం బాధ్యతని లీడర్‌తో పాటు ప్రతి పైలట్ మీదా పెట్టింది.

మెసేజ్ రాసినాయన అడగలేదు గానీ, అడిగుంటే నేను ఇరుక్కునే ప్రశ్న ఒకటుంది. శిక్షణ ఉన్నవాళ్ళు మాత్రం చనిపోలేదా? పోయారు. 2019 ఫిబ్రవరిలో బెంగళూరు దగ్గర యెలహంకలో రిహార్సల్ చేస్తూ మన వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ హాక్ జెట్లు రెండు ఢీకొన్నాయి, వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ చనిపోయారు. 1966లో కేవలం ఫొటోల కోసం కట్టిన ఫార్మేషన్‌లో ఎక్స్‌బీ-70 అనే అమెరికా ప్రయోగాత్మక బాంబర్‌ని ఢీకొని పోయిన జో వాకర్, ఎక్స్-15 రాకెట్ విమానం నడిపిన పైలట్. శిక్షణ ప్రమాదాన్ని తగ్గిస్తుంది, తుడిచేయదు. అంతటివాళ్ళకే అలా జరిగితే, సోలో కుర్రాడి సంగతి మీరే ఆలోచించండి.

ఇంధనం ఆదా? నిజమే. 2021 నవంబర్లో ఎయిర్‌బస్ రెండు ఏ350 పెద్ద విమానాలని తులూజ్ నుంచి మాంట్రియల్‌కి ఒకదాని వెనక ఒకటి నడిపి ఆదా చూపించింది. మధ్య ఎడం మూడు కిలోమీటర్లు. అంత దూరంలో సెల్ఫీ పడదు.

ఫీజులు ఎక్కువే, ఒప్పుకుంటాను. అయితే కమర్షియల్ లైసెన్సుకి ఫార్మేషన్ అక్కర్లేదు. డబ్బు మిగుల్చుకోవాలంటే అసలు చేయకుండా ఉండొచ్చు.