ముందు మస్టరు చదవండి, తర్వాత ప్రశ్న అడగండి

పింఛను తీసుకునే ముసలమ్మకు ఫోన్ చేసి ‘మీ పింఛను సక్రమంగా అందుతోందా? అందుతుంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి’ అంటే ఆమె ఒకటే నొక్కుతుంది. పంచేవాడు అందులోంచి వంద రూపాయలు తీసుకున్నా ఒకటే నొక్కుతుంది. ఫోన్ ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. తన నంబరు, తన పేరు వాళ్ల దగ్గర ఉన్నాయని మాత్రం తెలుసు. రెండు నొక్కితే వచ్చే నెల జాబితాలో పేరు ఉంటుందో లేదో అన్న టెన్షన్ ఆమెది. ఆ ఒకటి మాత్రం సాయంత్రానికల్లా ఏదో ఒక సమీక్షలో ‘సంతృప్తి శాతం’లో కలిసిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2014-19 మధ్య ఊపందుకున్న, రికార్డు చేసిన గొంతుతో ప్రభుత్వం చేయించే ఈ ఐవీఆర్‌ఎస్ కాల్స్ 2024 తర్వాత మళ్లీ జోరందుకున్నాయి. ఏ శాఖ సమీక్ష జరిగినా ఎంత శాతం మంది సంతోషంగా ఉన్నారన్న ప్రశ్న వస్తోంది. ప్రజల మాట వినాలన్న కోరిక మంచిదే. కానీ రోడ్డు, చెరువు, కుళాయి, కూలి వంటి గ్రామీణాభివృద్ధి పనుల మంచిచెడులు ఈ దారిలో తెలియవు. తెలుసుకునే దారి ఒకటి మన దగ్గరే ఉంది. ఈ నేల మీదే దాన్ని పెంచుకున్నాం. దేశం మొత్తం వచ్చి చూసి నేర్చుకుంది. ప్రభుత్వ ఖర్చు లెక్కలను ఊరి జనమే సరిచూసే సామాజిక తనిఖీ అది. దాన్ని మనమే పక్కన పడేస్తున్నాం.

దాని చరిత్ర చాలామందికి తెలిసిందే. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం జనసునవాయి (ప్రజా విచారణ) పెట్టి, పంచాయతీ ఖర్చుల కాగితాలు ఊరి జనం ముందు చదివింది. ‘హమారా పైసా, హమారా హిసాబ్’ (మా డబ్బు, మా లెక్క) అన్నది వాళ్ల నినాదం. ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభే తనిఖీ చేయాలని చెప్పింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీలూ మొదలయ్యాయి. 2009లో వాటి కోసమే ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. ప్రభుత్వమే తన ఖర్చును తనిఖీ చేయించుకోవడానికి ఒక వ్యవస్థ కట్టడం, అదీ రాష్ట్రమంతటా నడపడం చిన్న విషయం కాదు.

ఆ తనిఖీ ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. నా వాదన మొత్తం అందులోనే ఉంది. మండలానికి తనిఖీ బృందం వస్తుంది. డీఆర్‌పీలు (బృందాన్ని నడిపే జిల్లా రిసోర్స్ పర్సన్లు) మండల కార్యాలయం నుంచి మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), ఎం-బుక్కులు (పని కొలతల పుస్తకాలు), చెల్లింపుల వివరాలు తీసుకుంటారు. కూలీల కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలను ఎంపిక చేసి శిక్షణ ఇస్తారు. వాళ్లను సొంత ఊరికి పంపరు, వేరే ఊళ్లకు పంపుతారు. వాళ్లు అక్కడే ఉండి ఇంటింటికీ తిరుగుతారు. టేపు పట్టుకుని ఊటకుంటను, కందకాన్ని, ఫారం పాండ్‌ను కొలుస్తారు. ఆ తర్వాత గ్రామసభ. చివరగా మండల ప్రజావేదిక. అక్కడ అధికారులు, ఊళ్లో పనులు, హాజరు చూసే ఫీల్డ్ అసిస్టెంట్లు, కూలీలు ఒకే షామియానా కింద కూర్చుంటారు.

ఇంటింటికీ తిరిగే ఆ కుర్రవాడు ‘పనులు బాగున్నాయా’ అని అడగడు. మొదట కాగితం చదువుతాడు. ‘అక్కా, నీ పేరు మీద ఫలానా వారం ఆరు రోజులు ఊటకుంట పనికి వెళ్లినట్టు రాసుంది. ఇంత కూలి పడినట్టు రాసుంది. వెళ్లావా? పడిందా?’ అంటాడు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఎవరూ చదువుకుని ఉండాల్సిన పని లేదు.

కొన్నేళ్ల కిందట రాయలసీమలో ఒక ప్రజావేదికకు వెళ్లాను. నలభై ఏళ్ల కూలీ ఒకామె పేరు చదివి, ఫలానా వారం ఆరు రోజుల హాజరు పడిందన్నారు. ఆమె లేచి, ‘ఆ వారం మాయమ్మ సచ్చిపోయింది సార్. దినం అయ్యేదాకా నేను పుట్టింట్లోనే ఉండాను. గుంతకాడికి ఎట్ల వస్తా?’ అంది. అంతే. ఫీల్డ్ అసిస్టెంట్ తల దించుకున్నాడు. పక్కన కూర్చున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ‘అవును సార్, మేమూ పోయినాం ఆ సావుకు’ అన్నారు. ఒక్క నిమిషంలో ఆరోపణ, సాక్ష్యం, రుజువు మూడూ పూర్తయ్యాయి. అధికారుల ఏ కంప్యూటర్ తెరపైనా ఈ సంగతి కనిపించేది కాదు. ఫోన్ చేసి పథకంపై సంతృప్తిగా ఉన్నారా అని అడిగి ఉంటే ఆమె బహుశా ఉన్నాననే చెప్పేది. పని దొరికిన వారాలు ఆమెకు నిజంగానే మేలు చేశాయి కదా!

అభిప్రాయం అడిగితే జనం మర్యాదగా మాట్లాడతారు. కాగితం మీద ఏముందో చెప్పి అడిగితే సాక్ష్యం చెబుతారు. సంతృప్తి అన్నది మనిషి ఆశ మీద ఆధారపడుతుంది. అసలు ఏమీ రాదనుకున్నవాడికి సగం వచ్చినా తృప్తే. మూడు కిలోమీటర్ల దూరం నుంచి బిందె మోసిన మనిషికి రెండు రోజులకోసారి వచ్చే నీళ్లు కూడా వరమే. ఆమె వేసిన మంచి మార్కులను పథకం ఖాతాలో వేసుకుంటే, ఆమె పేదరికాన్నే పథకం విజయంగా లెక్కగట్టినట్టు.

కుళాయిల సంగతే తీసుకోండి. జల జీవన్ మిషన్ నిబంధన ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు, తాగడానికి పనికొచ్చే నీళ్లు, క్రమం తప్పకుండా రావాలి. అప్పుడే దాన్ని పనిచేస్తున్న కనెక్షన్ అంటారు. 2022లో కేంద్రమే ఈ మూడింటినీ కొలిపిస్తే, దేశంలో 62 శాతం ఇళ్లలోనే కనెక్షన్లు పూర్తిగా పనిచేస్తున్నాయని తేలింది. కుళాయి ఉందా అని అడిగితే ఉందంటారు. ‘మీకు రోజుకు 55 లీటర్లు హక్కుగా రావాలి, వస్తున్నాయా?’ అని అడిగితే వచ్చే జవాబు వేరు. ఎంత రావాలో ఊరికి ముందు చెప్పడానికి అధికారులు ఎందుకు వెనకాడతారో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఫోన్ పద్ధతిని సమర్థించేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. సభ పెడితే పెద్ద కులాలవాళ్లు, పార్టీలవాళ్లు ముందు వరుసలో కూర్చుంటారు, దళితవాడ ఆడమనిషి నోరు విప్పదు, ఫోన్లో అయితే ఎవరికీ తెలియకుండా చెప్పగలదు అంటారు. తక్కువ ఖర్చుతో లక్షల మందిని ఒక్క రోజులో అడగొచ్చు అని కూడా అంటారు. నిజమే. అందుకే సామాజిక తనిఖీలో సభకు ముందు గడపగడపకూ తిరిగే ఏర్పాటు ఉంది. ఆమె తన ఇంటి అరుగు మీదే చెబుతుంది, చెప్పింది రాసుకుంటారు, సభలో దాన్ని తనిఖీ బృందం చదువుతుంది. ఇక ఫోన్ ఎంత రహస్యమో చెప్పాలంటే, చాలా ఇళ్లలో ఆ ఫోన్ ఉండేది భర్త జేబులోనో కొడుకు చేతిలోనో.

మనుషులు వెళ్లి చూడాల్సిన చోట యంత్రాన్ని పెట్టాక ఏమైందో ఉపాధి పనుల్లోనే చూశాం. 2023 జనవరి నుంచి పని ప్రదేశంలో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో హాజరు వేయడం తప్పనిసరి చేశారు. దొంగ మస్టర్లకు ఇక చెల్లు అన్నారు. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాయాల్సి వచ్చింది. పనితో సంబంధం లేని ఫొటోలు, ఫొటోకే ఫొటో తీసినవి ఎక్కిస్తున్నారని ఆ లేఖలోనే ఉంది. సిగ్నల్ లేని గుట్టల దగ్గర నిజంగా చెమటోడ్చిన కూలీకి మాత్రం హాజరు పడక కూలి పోయింది. ఆ ఊరి కూలీల పక్కన కూర్చుని మస్టరు చదివితే ఈ రెండు తప్పులూ అరగంటలో బయటపడతాయి.

సామాజిక తనిఖీలో లోపం లేదని నేను అనను. పెద్ద లోపమే ఉంది, కాకపోతే అది అడిగే పద్ధతిలో లేదు. 2017-18 నుంచి 2020-21 వరకు నాలుగేళ్లలో దేశవ్యాప్తంగా తనిఖీ బృందాలు రూ.935 కోట్ల దుర్వినియోగాన్ని బయటపెడితే, రాబట్టింది సుమారు రూ.12.5 కోట్లు. ఒకటిన్నర శాతం కూడా కాదు. అంటే జనం తమ పని చేశారు. భయపడకుండా లేచి చెప్పారు, సంతకాలు పెట్టారు. విన్నవాళ్లు తమ పని చేయలేదు. అదే మనుషులను మళ్లీ వచ్చే ఏడాది సభకు రమ్మంటే ఏ ముఖం పెట్టుకుని వస్తారు? పైగా రికవరీ కట్టాల్సినవాడు అదే ఊళ్లో, అదే పనికి మేట్లను (కూలీల గుంపు పెద్దలను) పెడుతూ తిరుగుతుంటాడు.

2025 జనవరిలో తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డులు, ఆత్మీయ భరోసా (భూమి లేని కూలీలకు సాయం) జాబితాలను గ్రామసభల్లో చదివినప్పుడు చాలా ఊళ్లలో జనం తిరగబడ్డారు. సభలు రసాభాస అయ్యాయని వార్తలు వచ్చాయి. నాకు మాత్రం ఆ నాలుగు రోజులే ప్రభుత్వానికి అందిన అసలైన సమాచారం అనిపించింది. మేడ ఉన్నవాడి పేరు ఎక్కడ ఉందో, గుడిసెలో ఉన్నవాడి పేరు ఎక్కడ లేదో ఊరు మొత్తం గొంతెత్తి చెప్పింది. ఇంతకంటే ఖచ్చితమైన సర్వే ఎవరు చేయగలరు? ఆ గొడవను శాంతిభద్రతల సమస్యగా చూసిన అధికారికి పరిపాలన అర్థం కాలేదు.

ఇక నన్ను ఏళ్లుగా వేధిస్తున్న అసలు సంగతి చెబుతాను. ఊరు తన పనుల మీద ‘అభిప్రాయం’ చెప్పాల్సిన స్థితికి ఎందుకు వచ్చింది? పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించాల్సిన 29 అంశాలు రాశారు. తాగునీరు, రోడ్లు, చిన్న నీటి వనరులు, పేదరిక నిర్మూలన అన్నీ అందులో ఉన్నాయి. నిధులు, సిబ్బంది, అధికారం మాత్రం రాజధాని దగ్గరే ఉండిపోయాయి. చెరువు కట్టించేది శాఖ, బిల్లు చేసేది శాఖ, చెరువు ఎలా ఉందని ఊరికి ఫోన్ చేసేదీ శాఖే. తన ఇంటికి తాను గోడ కట్టించుకున్నవాడిని గోడ ఎలా ఉందని ఎవరైనా సర్వే చేస్తారా? వాడే మేస్త్రీని నిలదీస్తాడు, బాగా లేకపోతే కూలగొట్టించి మళ్లీ కట్టిస్తాడు.

తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరిలో ముగిస్తే ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. ఇంచుమించు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఆ రెండేళ్లలో మోటారు కాలిపోతే ఊరు ఎవరిని నిలదీయాలి? ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిలకు మళ్లించారని సర్పంచులు పార్టీలతో పని లేకుండా రోడ్డెక్కిన రోజులు ఇంకా మరచిపోలేదు. 2024 ఆగస్టు 23న అదే రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి పనులు ఎంపిక చేశారు. నాకు సంతోషం కలిగింది. ఆ పనులన్నింటి ఎం-బుక్కులతో మళ్లీ అన్ని పంచాయతీల్లోనూ సభ పెట్టి, ఏ పని ఎంతవరకు వచ్చిందో, ఎవరికి ఎంత బిల్లు వెళ్లిందో చదివిన రోజు ఇంకా ఎక్కువ సంతోషిస్తాను.

ఇప్పుడు ఉపాధి హామీ స్థానంలో ఏటా 125 రోజుల పనికి హామీ ఇచ్చే కొత్త చట్టం వచ్చింది. రాష్ట్రాల ఖర్చు వాటా పెరిగింది. ఖర్చు పెరిగిన ప్రభుత్వం మొదట కోత పెట్టేది ఇలాంటి తనిఖీల మీదే. రెండు రాష్ట్రాలూ దీనికి విరుద్ధంగా నడవాలి. మేఘాలయ 2017లోనే పలు ప్రభుత్వ పథకాలకు సామాజిక తనిఖీ తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ఈ పనిని దేశానికి చేసి చూపించిన తెలుగు నేలకు అలాంటి చట్టం ఎందుకు లేదు? తనిఖీ బృందాన్ని తనిఖీకి గురయ్యే శాఖ చేతుల్లోంచి తప్పించాలి. నిర్ణీత గడువులో రికవరీ రాకపోతే సంబంధిత అధికారి జీతంలోంచే కోయాలి. ప్రతి గ్రామసభలో మొదటి అంశంగా కిందటి సభ తీర్మానాలు ఏమయ్యాయో చదవాలి.

రాయలసీమలో ఆ రోజు ప్రజావేదిక అయిపోయాక, అమ్మ చావు సంగతి చెప్పిన ఆ కూలీ మంచినీళ్ల డ్రమ్ము దగ్గర కనిపించింది. ‘రేషను అంగడి పుస్తకం గూడా ఇట్లనే సదువుతారా సార్?’ అని అడిగింది. చదవాలని చట్టంలోనే ఉందమ్మా అన్నాను. 2013 ఆహార భద్రత చట్టం 28వ సెక్షన్ అదే చెబుతుంది. ‘మా ఊర్లో ఎవురూ సదవలేదే’ అంది.