కథకు నిజం శత్రువేమీ కాదు
దేవుళ్ల కథల వెనకున్న అసలు సంగతి తెలిసిపోతే ఆ కథల్లో ఆకర్షణ పోతుందని ఎవరో రాశారు, తిరుపతిలో పుట్టి పెరిగిన నేను మాత్రం ఒప్పుకోలేను. మా ఊరి గుడిలో గోవిందరాజస్వామి తల కింద కుంచం (గింజలు కొలిచే పాత్ర) పెట్టుకుని పడుకోవడం చూపించి మా అవ్వ చెప్పేది: "తమ్ముడు వెంకన్న తన పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు తీర్చేందుకు డబ్బు కొలిచి కొలిచి అలిసిపోయినాడు నాయనా." ఆ స్వామి చిదంబరం నుంచి వచ్చాడనీ, రామానుజుల కాలంలో ఇక్కడ ప్రతిష్ఠ జరిగిందనీ పెద్దయ్యాక చదివాను. అయినా ఇప్పటికీ గుడికెళితే నా కళ్లు ముందు ఆ కుంచం మీదికే పోతాయి. అప్పుల బాధ తెలిసిన దేవుడంటే మన ఇంట్లో మనిషిలా ఉంటాడు మరి! తిరుమల కొండ మీద శిలాతోరణం కూడా అంతే. గాలీ నీళ్లూ కోట్ల ఏళ్లు తొలిస్తే ఏర్పడిన రాతి వంపు అని భూగర్భ శాస్త్రం చెబుతుంది, వెంకటేశ్వరస్వామి కొండ మీద రెండో అడుగు అక్కడ వేశాడని కథ. మా పిల్లలకు రెండూ చెప్పాను, ఏమీ తికమక పడలేదు. (మా చిన్నదైతే వడ్డీ ఇంకా ఎంత కట్టాలని అడిగింది.) నాకు చిరాకు తెప్పించేది వేరే ఉంది. కథను కథగా వదిలేయకుండా "సైంటిస్టులే ఆశ్చర్యపోయారు" అని వాట్సాప్‌లో తిప్పే మెసేజీలు. ఏ సైంటిస్టు, ఎక్కడ, ఎప్పుడు అంటే జవాబుండదు. అడిగినందుకు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నన్ను నాస్తికుడిని చేసేశారు, ప్రతి శనివారం గుడిలో నాతోపాటు క్యూలో నిలబడేవాళ్లే!