‘విశాఖ దగ్గరే కదా’ అనుకుంటూ బతికే విజయనగరం

విజయనగరంలో ఇల్లు కొనమంటారా అని ఎవరిని అడిగినా మొదట వచ్చే మాట ఒకటే: ‘కొనుక్కోండి, విశాఖ దగ్గరే కదా!’ అరవై కిలోమీటర్లు. మన ఊరిని మెచ్చుకోవడానికి పొరుగూరి పేరు ఎత్తాల్సి రావడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇక్కడ బతుకు బాగాలేదని కాదు. మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం దాకా నడిచే వెళ్లొచ్చు, దారిలో నలుగురు పలకరిస్తారు. పిల్లాడు ట్యూషన్ నుంచి రావడం ఆలస్యమైతే మనం టెన్షన్ పడేలోపే ఫలానా చోట చూశామని ఎవరో ఒకరు చెబుతారు. అద్దెలూ విశాఖ అంత లేవు. నెల జీతమో పెన్షనో వచ్చేవాళ్లకి ఇది కోరి ఉండదగ్గ ఊరే.

చిక్కంతా ఆ ‘దగ్గరే కదా’తోనే. మా వీధిలో ఒకాయనకి అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఇక్కడి ఆస్పత్రిలో చూసి విశాఖ తీసుకెళ్లమన్నారు. పగలు బస్సులో కునుకు తీస్తూ పోయే దారే. ఆ రాత్రి తగరపువలస దాటేసరికి అది ఎంత పొడుగైందో అంబులెన్సులో కూర్చున్న వాళ్లావిడ చెప్పాలి. శ్రీకాకుళం విశాఖకి వంద కిలోమీటర్లు పైనే. అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల 2008లోనే వచ్చింది. మనకి 2023 దాకా రాలేదు. పక్కనే నెల్లిమర్లలో ప్రైవేటు కళాశాల ఉండటం ఒక కారణం కావచ్చు. ‘విశాఖ ఉందిగా’ అన్న ధీమా కూడా పనిచేసిందని నా అనుమానం.

మొదటి నుంచీ ఇలా లేదు. 1879 నాటికే ఇక్కడ మహారాజా కళాశాల ఉంది. 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసును తొలి ప్రిన్సిపాల్‌ని చేశారు. ఘంటసాల ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని తింటూ మరీ ఈ ఊళ్లో సంగీతం నేర్చుకున్నారు. ఆయన సర్దుకున్నది తిండి దగ్గర, ఊరి దగ్గర కాదు. ఇప్పుడేమో డిగ్రీ చేతికొచ్చిన కుర్రాణ్ణి ఇంట్లోవాళ్లే అడుగుతారు, ‘ఏటి చేస్తావు ఇక్కడ?’ అని. జూట్ మిల్లుకి పోతానంటే నవ్వుతారు. లాకౌట్ బోర్డులు చూసిన ఊరు మరి. వాడికి విశాఖో హైదరాబాదో తప్పదు. వాడి లెక్కలో విజయనగరం అంటే పండక్కొచ్చే ఊరు, పైడితల్లి పండగలో సిరిమాను రోజున ఫోన్ చేసి ‘జనం ఎలా ఉన్నారు?’ అని అడిగే ఊరు.

ఇక భోగాపురం విమానాశ్రయం. 2023 మేలో శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచీ చుట్టుపక్కల లేఅవుట్ల వాళ్లు కొత్త పాట ఎత్తుకున్నారు: ‘ఎయిర్‌పోర్టు దగ్గరే కదా!’ మళ్లీ ఆ ‘దగ్గరే’. అక్కడ విమానం దిగినవాడు విశాఖ వైపు తిరక్కుండా విజయనగరం ఎందుకు రావాలో మాత్రం ఆ బ్రోచర్లలో నాకెక్కడా కనబడలేదు.