తివాచీ కన్నా ముందు గాలి
సెయిల్‌బోట్ (తెరచాప పడవ) లోపలి అలంకరణ గురించి ఒక వ్యాసం చదివాను. పడవ లోపల తివాచీ పరిచి, మందపాటి కర్టెన్లు కడితే ఇల్లులా ఉంటుందని అందులో రాశారు. ఫొటోలో బాగుంటుందేమో గానీ ఆ మాట నాకు మింగుడు పడలేదు. మాది కొత్తపట్నం, సముద్రానికి కూతవేటు దూరం. ఇంట్లోనే ఉప్పుగాలికి బీరువా బందులు రెండేళ్లకే తుప్పు పట్టాయి, ఇక నెలల తరబడి నీళ్ల మీదే ఉండే సెయిల్‌బోట్ సంగతి చెప్పాలా? ఉప్పునీళ్లు పడిన బట్ట ఎంత ఎండబెట్టినా పూర్తిగా ఆరదు, అందులో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను మళ్లీ లాక్కుంటుంది. మంచినీళ్లతో జాడించాల్సిందే. మా బావ కొచ్చిలో ఒకాయన సెయిల్‌బోట్‌కి చెక్కపని చేస్తుంటే సాయానికి వెళ్లి పది రోజులున్నాను. పడక మీది పరుపు ఎత్తితే అడుగంతా నల్లటి బూజు, ముక్కిన వాసన. ఆ చెక్కకు వరసగా రంధ్రాలు కొట్టి, పైన సన్న బద్దలు పరిచాం, కింద గాలి ఆడేలా. స్క్రూలన్నీ ఉప్పుగాలికి అంత తేలిగ్గా తుప్పు పట్టని 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వే (ధర వినగానే గుండె గుభేల్‌మంది, అది వేరే కథ). ఆ వ్యాసంలో లేత రంగులు వేయమన్నది మాత్రం ఒప్పుకుంటాను, ఇరుకు గది కాస్త విశాలంగా కనబడుతుంది. అల్మరా తలుపులకు గట్టి గడియలు పెట్టమని కూడా రాసి ఉండాల్సింది, లేకపోతే ఒక్క పెద్ద అలకు గిన్నెలన్నీ నేల మీదే.