నిద్ర లాక్కుని ధ్యానం నేర్పుతారా?

దసరా సెలవులు అయిపోయాయి. పిల్లల్ని ట్రంకుపెట్టెలతో సహా హాస్టల్లో దింపి ఇంకా ఊరు చేరకముందే తల్లిదండ్రుల ఫోన్లకు కొత్త టైమ్‌టేబుల్ వచ్చింది. పంపింది కర్నూలులోని ఓ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ. తెల్లవారుజామున 4.30కి బెల్లు. 4.45కి టీ. 5 నుంచి 7 దాకా స్టడీ అవర్. స్నానం, టిఫిన్ అయ్యాక 8 నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ 1.45 నుంచి 5 దాకా తరగతులు. అరగంట విరామం. 5.30 నుంచి 8 దాకా స్టడీ. భోజనం. 8.45కి ఇంకో టీ. 9 నుంచి 10.45 దాకా మళ్లీ స్టడీ. 11కి లైట్లు ఆర్పాలి. అన్నిటికన్నా అడుగున, ఆదివారం గడిలో, తామరపువ్వు బొమ్మ పక్కన ఇంకో వరుస ఉంది: సాయంత్రం 4 నుంచి 5 వరకు ‘ధ్యానం, ఒత్తిడిని జయించడం’.

కూడి చూడండి. పుస్తకం ముందు పద్నాలుగున్నర గంటలు. నిద్రకు అయిదున్నర గంటలు, అదీ లైటు ఆర్పిన క్షణానే నిద్ర పడితే. వారమంతా నిద్ర లాక్కుని, ఆదివారం గంటసేపు కళ్లు మూసుకుని ప్రశాంతంగా కూర్చోమనడం. ఈ కపటం గురించే ఈ సంపాదకీయం.

కాలేజీ పేరు రాయడం లేదు. రాస్తే మిగతావాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అనంతపురంలోనూ కడపలోనూ హాస్టల్ గోడల మీద అంటించే కాగితాల్లో పావుగంట అటూ ఇటూ తేడా తప్ప వేరే ఏమీ ఉండదని పిల్లల్ని చేర్పించిన ప్రతి ఇంటికీ తెలుసు.

కష్టపడకుండా నీట్‌లో సీటు ఎలా వస్తుందని యాజమాన్యాలు అడుగుతాయి. ఇంట్లో ఉంటే ఫోను పట్టుకుని ఒంటిగంట దాకా మేలుకుంటాడు, అక్కడే నయమని తల్లిదండ్రులూ అంటారు. ఆ రెండో మాటలో కొంత నిజముంది. అయితే ఫోను దోచిన నిద్ర చెడ్డదీ, కాలేజీ దోచిన నిద్ర మంచిదీ కాదు. మెదడుకు ఆ తేడా తెలియదు.

దానికి తెలిసింది వేరే. యుక్తవయసు వచ్చాక నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోను రాత్రిపూట గంట, రెండు గంటలు ఆలస్యంగా విడుదలవుతుంది. పదేళ్లప్పుడు తొమ్మిదికే కళ్లు మూతలుపడిన పిల్లాడికి పదహారేళ్లకు పదకొండైనా నిద్ర రాకపోవడం పొగరు కాదు, సోమరితనం కాదు. శరీరంలోని గడియారమే వెనక్కి జరిగింది. తెల్లవారుజామున 4.30 అంటే వార్డెన్‌కు తెల్లవారడం, ఆ పిల్లాడి ఒంటికి నడిరాత్రి. ఇక 8.45కి ఇచ్చే టీ సంగతి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. అంటే రాత్రి పావు తక్కువ రెండింటికి కూడా ఆ టీలోని కెఫీన్ సగం లోపలే ఉంటుంది. లైట్లు ఆర్పుతారు, మెదడు ఆరదు. పడుకున్న అయిదున్నర గంటల్లోనూ కొంత దొర్లడానికే పోతుంది.

13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘం 2016లోనే తేల్చింది. తక్కువలో తక్కువ 8 గంటలే లెక్కేసుకున్నా ఈ టైమ్‌టేబుల్‌లో రోజుకు రెండున్నర గంటలు బాకీ. ఆరు రోజులకు పదిహేను గంటలు. వారానికి దాదాపు రెండు రాత్రులు ఈ పిల్లలు నిద్రే పోనట్టు. ఆ బాకీని ఆదివారం తీర్చుకుందామంటే పొద్దున్నే వీకెండ్ టెస్ట్.

పోయింది గంటలే కాదు, ఏ గంటలన్నది ముఖ్యం. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో పడుతుంది. పగలు చదివింది తాత్కాలిక నిల్వ నుంచి శాశ్వత నిల్వకు చేరే పని అప్పుడు జరుగుతుంది. కలలొచ్చే నిద్ర మాత్రం తెల్లవారుజాము వైపు చిక్కబడుతుంది. మనసును గాయపరిచిన అనుభవాల్లో ఆ మంట తగ్గి, జ్ఞాపకం మాత్రం మిగలడానికి ఈ నిద్ర తోడ్పడుతుంది. లెక్చరర్ అందరి ముందూ తిట్టిన మాట, టెస్టులో తగ్గిన మార్కు, ఇంటి మీద బెంగ, ఇవన్నీ చల్లారాల్సిన చోటు అది. 4.30 బెల్లు కోసేసేది సరిగ్గా ఆ ముక్కనే. తర్వాత ధ్యానం చేయిస్తారు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మంట తగ్గించకుండా మూతకు బొట్టు పెట్టినట్టుంది.

నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఆలోచించి ఆగమని చెప్పే భాగం. మెదడులో అన్నిటికన్నా చివర పక్వమయ్యేది అదే, ఇరవై అయిదేళ్ల దాకా పడుతుంది. భయాన్నీ కోపాన్నీ పుట్టించే అమిగ్డలా మాత్రం యుక్తవయసుకే పూర్తి జోరు మీద ఉంటుంది. బండికి ఇంజిను ముందొచ్చి బ్రేకులు పదేళ్లకు వస్తే ఎలా ఉంటుందో ఆ వయసు అలా ఉంటుంది. నిద్ర తగ్గితే ఆ కొద్దిపాటి బ్రేకు కూడా పట్టు తప్పుతుంది. ఆరోగ్యంగా ఉన్న యువతీ యువకులను దాదాపు 35 గంటలు మేలుకొలిపి, బాధ కలిగించే బొమ్మలు చూపించి మెదడు స్కాన్ తీస్తే, నిద్రపోయినవారికన్నా అమిగ్డలా 60 శాతం ఎక్కువగా స్పందించిందని 2007లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. అదీ ఎదిగిన మెదళ్లలో. మన హాస్టళ్లలో ఉన్నవి ఇంకా ఎదుగుతున్నవి.

ఎదగడం అంటే పరిమాణం పెరగడం కాదు. ఆరేళ్లకే మెదడు పెద్దవాళ్ల మెదడులో తొంభై శాతం పరిమాణానికి చేరుతుంది. తర్వాత జరిగేది కోత, పూత. నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే నాడీ సంధుల్లో వాడనివాటిని మెదడు తెంచేస్తుంది. వాడే దారుల మీద మైలిన్ అనే కొవ్వు పొర పూస్తుంది, సంకేతం వేగంగా పరుగెత్తుతుంది. ఈ పని వెనక నుంచి ముందుకు సాగి నుదుటి వెనక భాగం దగ్గర ముగుస్తుంది. ఇంటర్ వయసు ఈ పని నడిమధ్యన పడింది. అనంతపురం రైతుకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. శనక్కాయ చేనుకు ఊడలు దిగే వేళ తడి అందకపోతే తర్వాత ఎంత వాన కురిసినా ఆ నష్టం పూడదు. ఆకు పచ్చగానే ఉంటుంది. పీకి చూస్తే తెలుస్తుంది.

అదే రైతు ఎకరం అమ్మి ఫీజు కడుతున్నాడు. కోసిగి, పెద్దకడుబూరు వైపు నుంచి గుంటూరు మిరప తోటలకు సుగ్గికి వెళ్లే కూలీలు, కొడుకైనా ఎండన పడకూడదని ఏడాది కూలి తెచ్చి పోస్తున్నారు. కడప జిల్లా తల్లులు కువైట్‌లో అంట్లు తోమి పంపే డబ్బు ఈ హాస్టళ్లకే చేరుతోంది. ఆ పిల్లల్లో చాలామంది చిన్నప్పటి నుంచీ అవ్వ దగ్గరో జేజి దగ్గరో పెరిగినవాళ్లు, తల్లిదండ్రుల ఎడబాటును ముందే మోసినవాళ్లు. వాళ్లకు కావలసింది రోజూ పలకరించే ఒక పెద్ద మనిషి. దొరుకుతున్నది సోమవారం పొద్దున నోటీసు బోర్డు మీద ర్యాంకుల జాబితా. తోటివారి ఎదుట తన విలువ ఎంతన్నది ఆ వయసు మెదడుకు ప్రాణసమానం. చివరి ఇరవై పేర్లను ఎర్ర సిరాతో రాసే పెద్దమనిషికి ఈ సంగతి తెలియకపోతే అజ్ఞానం, తెలిసి రాస్తే క్రూరత్వం.

చట్టం చెప్పలేదా అంటే, చెప్పింది. మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసులో చెప్పింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులుంటే పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సామాజిక కార్యకర్తనో నియమించాలి. అంతకన్నా తక్కువ ఉన్నచోట బయటి నిపుణులతో ఒప్పందం ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం వీలైనంతవరకు మానాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఉండాలి. చట్టం వచ్చేదాకా ఇవే చట్టమని కూడా కోర్టు స్పష్టం చేసింది.

మరి కౌన్సెలర్ ఏడి? మన ఊళ్లలో కౌన్సెలింగ్ అంటే సీటు ఇప్పించేది, కౌన్సెలర్ అంటే అడ్మిషన్లు తెచ్చే పీఆర్వో. ఈ టైమ్‌టేబుల్ కింద ‘స్టూడెంట్ కౌన్సెలర్’ అని ఇచ్చిన నంబరూ, ఫీజు బకాయిల కోసం ఫోన్ చేసే నంబరూ ఒకటే. బిడ్డ తన గుండెలో మాట చెప్పుకోవాల్సింది నాన్నను ఫీజు కోసం నిలదీసే గొంతుతోనా?

మానసిక సమస్యలకు ఫోన్లో సాయం చేసే టెలీమానస్ నంబరు 14416ను హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో రాయాలని కూడా కోర్టు చెప్పింది. రాశారు, మెట్ల దగ్గర, నీలం రంగులో, చక్కగా. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడే ఉచిత సేవ అది. అయితే ఈ హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లుండవు. ఆదివారం అయిదు నిమిషాలు వార్డెన్ ఫోన్లో, వార్డెన్ పక్కనే నిలబడి ఉండగా ఇంటికి మాట్లాడుకోవచ్చు. నంబరు గోడ మీద, ఫోను వార్డెన్ జేబులో. నిద్ర లాక్కుని ధ్యానం ఇచ్చినట్టే, ఫోను లాక్కుని నంబరు ఇచ్చారు. ప్రతి అంతస్తులో 14416కూ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కీ మాత్రమే కలిసే ఒక ల్యాండ్‌లైను పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక ఫ్లెక్సీ అంత కూడా కాదు.

వార్డెన్లకు నేర్పాల్సినదీ కొండంత ఏమీ లేదు. ఈ వయసులో కుంగుబాటు ఎప్పుడూ ఏడుపుగా కనిపించదు. చిరాకుగా, ఎదురు మాటగా, పదేపదే తలనొప్పిగా, కడుపునొప్పిగా కనిపిస్తుంది. రెండు వారాలు వరుసగా తిండి, నిద్ర, మాట మారితే ‘నాటకాలు’ అని తోసిపుచ్చకుండా పక్కకు పిలిచి కూర్చోబెట్టాలి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా, ఆ పూటే ఇంటికి కబురు చేసి, పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. టెస్ట్ అయ్యాక కాదు, ఆ పూటే.

ఆడపిల్లల హాస్టళ్లలో ఇంకో పొర ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత. మైలిన్ పొరకూ, ఉత్సాహాన్నిచ్చే డోపమిన్ తయారీకీ ఇనుము కావాలి. ప్రభుత్వ బడుల్లో వారానికొకసారి 60 మిల్లీగ్రాముల ఐరన్ మాత్ర ఇస్తున్నారు. ప్రైవేటు హాస్టళ్లలో అడిగే నాథుడు లేడు. పైగా పొద్దునా రాత్రీ టీ. తిండితోపాటు టీ తాగితే తిండిలోని ఇనుము చాలావరకు ఒంటబట్టదు. క్లాసులో తూలే అమ్మాయికి ఏకాగ్రత లేదని రిపోర్టు కార్డులో రాస్తారు.

మా భయం ఒక్క ఇంటర్‌తో ఆగదు. పదహారేళ్లలోపు పిల్లల్ని కోచింగ్‌లో చేర్చుకోవద్దు, రోజుకు అయిదు గంటలు మించొద్దు, వారాంతపు సెలవు మర్నాడు పరీక్ష పెట్టొద్దు అని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో చెప్పింది. కోచింగ్ అనకుండా ‘ఐఐటీ ఫౌండేషన్’ అని పేరు మార్చి ఆరో తరగతి పిల్లలకే అవే గంటలు అంటగడుతున్నారు. పదకొండేళ్ల పిల్లలకు కావలసింది 9 నుంచి 12 గంటల నిద్ర. సర్కారు బడులూ పదో తరగతి వందరోజుల ప్రణాళిక అంటూ ఆదివారాలను మింగే దారిలోనే ఉన్నాయి. చెడు అలవాటుకు ఫలితాల శాతం తోడైతే అదే సంప్రదాయమవుతుంది.

నిద్ర పెంచితే మార్కులు తగ్గుతాయన్నది నిలబడని వాదన. అమెరికాలోని సియాటిల్‌లో 2016లో హైస్కూళ్ల వేళను 7.50 నుంచి 8.45కి జరిపితే పిల్లల నిద్ర రోజుకు 34 నిమిషాలు పెరిగింది, పరిశీలించిన తరగతుల్లో మార్కులూ పెరిగాయి. కాలిఫోర్నియా 2022 నుంచి హైస్కూలు 8.30కన్నా ముందు తెరవకూడదని చట్టమే చేసింది. మనం 8.30 అడగడం లేదు. రాత్రి 10కి లైట్లు ఆర్పండి, పొద్దున 6.30కి ముందు బెల్లు కొట్టకండి, సాయంత్రం గంట ఆటకు వదలండి, మధ్యాహ్నం తర్వాత టీ ఆపండి. పద్నాలుగున్నరలో నాలుగు గంటలు తగ్గినా ఇంకా పదిన్నర గంటల చదువు మిగులుతుంది.

ర్యాంకుల ప్రకటనలు ఈ పత్రికలోనూ వస్తాయి, ఆ డబ్బుతోనే ఈ పేజీ అచ్చవుతుందని పాఠకులు అంటే మా దగ్గర జవాబు లేదు. అంత మాత్రాన అధికారులు జవాబు చెప్పకుండా తప్పించుకోలేరు. కర్నూలు, అనంతపురం, కడప కలెక్టర్లు తమ కమిటీలు ఎన్నిసార్లు కూర్చున్నాయో, ఎన్ని హాస్టళ్లలో అర్హత ఉన్న కౌన్సెలర్ పేరు, డిగ్రీ తనిఖీ చేశాయో ప్రజలకు చెప్పాలి. ఇంటర్ బోర్డు తనిఖీ అధికారులు పగలు పదకొండింటికి ప్రిన్సిపాల్ గదిలో ఉగ్గాని, బజ్జీ తిని రిజిస్టరులో సంతకం పెట్టి రావడాన్ని తనిఖీ అనరు. ఈ సోమవారం తెల్లవారుజామున 4.30కి వెళ్లి ఏ హాస్టల్ ముందైనా రోడ్డు మీద నిలబడండి. లోపలికి వెళ్లే శ్రమ కూడా అక్కర్లేదు, నాలుగంతస్తుల లైట్లూ వీధిలోకి కనిపిస్తాయి. ఆ తర్వాత, మా దృష్టికి రాలేదని మాత్రం అనకండి.