గోడకు నోళ్లుంటాయి

గోడలకు చెవులుంటాయని పెద్దలు హెచ్చరించారు గానీ, నోళ్లుండే గోడల గురించి ఒక్క ముక్క కూడా చెప్పకుండా వెళ్లిపోయారు. అందుకు వారిని నిందించి లాభం లేదు. జాక్ కూస్టో, ఎమిల్ గన్యాన్ కలిసి 1943లో నీటి కింద ఊపిరి పీల్చుకునే పరికరాన్ని తయారుచేసే వరకు, ఆ గోడల పక్కన తీరిగ్గా తేలుతూ వాటి లోపాలు ఎంచే యోగం సామాన్యులకు పట్టలేదు. ఇప్పుడు పట్టింది కాబట్టి ఎంచుతున్నాను.

నేను చెబుతున్నది సముద్రంలో నిట్టనిలువుగా దిగిపోయే పగడపు గోడల సంగతి. మలేషియాలోని సిపడాన్ దీవి ఒడ్డు నుంచి కాస్త దూరం ఈదితే చాలు, కాళ్ల కింద సుమారు 600 మీటర్ల లోతు తెరుచుకుంటుంది. ఇండొనేషియాలోని బునాకెన్, కరీబియన్ సముద్రంలోని లిటిల్ కేమన్ దీవి కూడా ఇలాంటి గోడలతోనే పేరు తెచ్చుకున్నాయి. వాటిని పొగుడుతూ రాసినవారికి లెక్కలేదు. వాటి చేతిలో డైవర్లు అనుభవిస్తున్న అన్యాయాన్ని పట్టించుకున్నవారు మాత్రం నాకు కనిపించలేదు.

గోడ అన్నాక ఆనుకోవడానికి పనికిరావాలి. అది గోడ కనీస ధర్మం. ఈ గోడను మాత్రం వేలితో కూడా తాకకూడదట. ఎందుకని విచారిస్తే, ఇది ప్రాణమున్న గోడ అని తేలింది. పగడమంటే రాయీ కాదు, మొక్కా కాదు, పాలిప్ అనే చిన్న జంతువుల కాపురం. ప్రతి పాలిప్‌కు ఒక నోరు, దాని చుట్టూ మీసాల్లాంటి స్పర్శకాలు ఉంటాయి. తిండి లోపలికి పోయేదీ, మిగిలిన చెత్త బయటికి వచ్చేదీ ఆ ఒక్క నోటి నుంచే. (అలాంటి నోరున్నవారు నేల మీద కూడా నాకు కొందరు పరిచయమే, కాకపోతే వారు ఆ తీరికలో సున్నపురాయి కట్టరు.) అలా లక్షల నోళ్లు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లో, మహా అయితే కొన్ని సెంటీమీటర్లో పెంచుకుంటూ వచ్చిన ఆస్తి అది. ఇంత నెమ్మదిగా పని చేసేవారు సందర్శకుల తొందరను అర్థం చేసుకోకపోవడంలో వింత లేదు.

అంతకన్నా పెద్ద నేరం, ఈ గోడకు అడుగన్నది కనిపించకపోవడం. ఇసుక నేల మీద డైవింగ్ చేసేవాడు పట్టు తప్పి దిగిపోతే మోకాళ్ల మీద కూలబడతాడు, కాస్త సిగ్గుపడి లేస్తాడు. గోడ పక్కన ఆ సౌకర్యం లేదు. కిందికి దిగే ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కనుక డైవర్ ఒంటి మీది రబ్బరు సూట్‌లో ఉన్న గాలి బుడగలు నలిగిపోతాయి. నలిగిన కొద్దీ అతను బరువెక్కుతాడు. బరువెక్కిన కొద్దీ ఇంకా దిగుతాడు. చుట్టూ మాత్రం అదే నీలం, పక్కన అదే గోడ. సరదాకు డైవింగ్ చేసేవారికి హద్దు 40 మీటర్లని శిక్షణలో వల్లె వేయిస్తారు, కానీ అక్కడ ఒక గీత గీసి, ఒక బోర్డు తగిలించాలన్న ఇంగితం ఏ గోడకూ లేదు. పైగా నీటి పైనుండే గాలి పీడనాన్నీ కలుపుకుంటే 30 మీటర్ల దగ్గర పీడనం నాలుగింతలు కాబట్టి పీల్చే ప్రతి ఊపిరికీ నాలుగింతల గాలి ఖర్చవుతుంది. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ల పీడనంతో నింపిన గాలి సుమారు 2,400 లీటర్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే ప్రశాంతచిత్తుడికి అక్కడ 80 లీటర్లు కావాలి, అంటే పైకి రావడానికి ఏమీ మిగుల్చుకోకపోయినా అరగంటకు మించి రాదు. అందాన్ని చూసి ఆయాసపడే రసికుల లెక్క వేరే వేసుకోవాలి.

మా జట్టులో అలాంటి పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. తేలిపోతానేమోనన్న భయంతో నడుముకు సీసపు బరువులు రెండు ఎక్కువే కట్టుకున్నారు, అందువల్ల నీటిలో అడ్డంగా ఉండవలసినవారు నిలువుగా ఉండి, సైకిల్ తొక్కుతున్నట్లు కాళ్లు ఆడిస్తూ ముందుకు సాగారు. ఆయన వెనక గోడ నుంచి రెండు చేతుల వెడల్పున ఒక సముద్రపు విసనకర్ర పొడుచుకుని ఉంది. అదీ పగడాల బంధువే. ప్రవాహంలో కొట్టుకొచ్చే తిండిని పట్టుకోవడానికి ప్రవాహానికి అడ్డంగా రెక్క చాపి పెరుగుతుంది. ఆయన కాలికి తొడిగిన ఈత రెక్క అంచు దానికి తగిలింది. శబ్దమేమీ రాలేదు. జానెడు కొమ్మ ఒకటి విరిగి, మెల్లగా తిరుగుతూ నీలంలోకి దిగిపోయింది. ఆయన అప్పుడే గైడ్ వైపు తిరిగి, అంతా అద్భుతంగా ఉందని బొటనవేలు పైకెత్తి చూపించారు. నీటి కింద బొటనవేలు ఎత్తితే పైకి పోదామని అర్థం. ఆ మాటకు ఎదురు చెప్పకూడదన్నది నియమం. జట్టంతా ఆయనతో పాటు పైకి కదిలి, ఒంట్లో చేరిన నత్రజని మెల్లగా వదిలేందుకు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు గాలిలో జెండాల్లా వేలాడింది. సంతోషం ప్రకటించిన మనిషికి ఇంత శిక్ష పడే చోటు మరొకటి ఉంటుందనుకోను. విసనకర్ర విషయంలో నా తీర్పు స్పష్టం: రాకపోకల దారికి అడ్డంగా పెరగడం దాని తప్పే. దారి అక్కడ పడటానికి ఎన్నో ఏళ్ల ముందు నుంచే అది అక్కడ ఉందన్న వాదన చట్టం ముందు నిలవదు.

ఈ విసనకర్రల్లోనే దాక్కునే మరో ప్రాణి మరుగుజ్జు సముద్రపు గుర్రం అనే చేప. పొడవు రెండు సెంటీమీటర్లు. రంగు, మొటిమలు అన్నీ విసనకర్రవే. అది అంత నమ్మకంగా దాక్కుంటుంది కాబట్టే, 1969లో పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియాలో ఒక శాస్త్రవేత్త విసనకర్రను సముద్రం నుంచి తెచ్చి పరీక్షిస్తున్నప్పుడు గానీ అది ఉన్నట్లే లోకానికి తెలియలేదు. ఇప్పుడు దాని ముందు కెమెరాలు పట్టుకున్నవారు వరుస కట్టి నిలబడతారు. వారు గోడను తాకరు. ఒక్క వేలు మాత్రం ఆన్చుతారు. ఆ చిన్న జీవి ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ వీపు తిప్పుతుంది. సభామర్యాద బొత్తిగా తెలియదు.

రంగుల మోసం గురించి కూడా ఒక మాట. పోస్టర్లలో ఈ గోడలు ఎర్రగా, నారింజగా వెలుగుతుంటాయి. నీరు ఎరుపును అన్నిటికన్నా ముందు మింగేస్తుంది కాబట్టి 20 మీటర్లు దిగేసరికి అక్కడున్నదంతా బూడిద కలిపిన నీలంగా కనిపిస్తుంది. టార్చి వేస్తే వేసినంత మేర మాత్రమే అసలు రంగు బయటపడుతుంది. ఇది చాలదన్నట్లు, కొన్నేళ్లుగా గోడలు సున్నం కొట్టించుకుంటున్నాయి. పగడం లోపల అద్దెకుండే సూక్ష్మమైన నాచు వెలుగుతో వంట చేసి యజమానికి తిండిలో సింహభాగం పెడుతుంది. నీరు వేడెక్కితే యజమాని ఆ వంటవాడినే ఇంట్లోంచి గెంటేసి, తెల్లబోయి, ఆకలితో కూర్చుంటాడు. ప్రపంచమంతటా ఇలా జరగడం 1998లో మొదటిసారి నమోదైంది, 2023లో మొదలైనది నాలుగోసారి. నీటిని వేడెక్కించిన వారెవరన్న ప్రశ్న ఈ వ్యాసం పరిధిలోకి రాదు. దీవికి విమానంలో వచ్చిన నాకు ఆ ప్రస్తావన తేవడం మర్యాద అనిపించడం లేదు.

చివరగా నా వాంగ్మూలం. 30 మీటర్లు దాటాక పీల్చే గాలిలోని నత్రజని మనిషికి మత్తెక్కిస్తుంది. దాహం తీరకుండానే తాగినట్లుంటుంది, పైకి వస్తే మరుక్షణం దిగిపోతుంది. 32 మీటర్ల దగ్గర, ఆ గోడ ముందు తేలుతుండగా, దానికి సంబంధించిన పరమసత్యం నాకు ఉన్నట్టుండి తట్టింది. మరిచిపోతానేమోనని మెడకు వేలాడుతున్న పలక మీద గబగబా రాశాను, రాసినదాన్ని గైడ్‌కు చూపించాను, ఆయన నా కళ్లలోకి చూసి వెంటనే చెయ్యి పట్టుకుని పైకి తీసుకువచ్చారు. పడవలో కూర్చుని మాస్క్ తీసి, తువ్వాలుతో తడి తుడుచుకుని, పలక వెలుతురులోకి తిప్పాను. నా దస్తూరీలోనే, కాస్త వంకరగా, కింద రెండుసార్లు గీత గీసి ఉంది: “గోడ నిలువుగా ఉంది.”