హాల్లో తగ్గింది, బాల్కనీలో పెరిగింది

మా బాబాయికి అమరావతిలో, తుళ్ళూరు దగ్గర 200 గజాల స్థలం ఉంది. కాబట్టి స్థలాల ధరలు ఎప్పటికీ పెరుగుతూనే ఉంటాయని ఆయన నమ్మకం. హైదరాబాద్‌లో, నిజాంపేటలో అద్దెకుంటున్నాడు. కాబట్టి ఫ్లాట్ల ధరలు ఇవాళో రేపో ఢామ్మంటాయన్నది కూడా ఆయన నమ్మకమే. ఈ రెండు నమ్మకాలూ ఒకే బుర్రలో, పడని తోడికోడళ్ళలా ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్నాయి.

ఆ స్థలానిదో పెద్ద కథ. 2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన జరిగింది. మరుసటేడే ఊళ్ళో పొలం అమ్మి మరీ కొన్నాడు. అప్పట్లో గజం రేటు పొద్దునొకటి, సాయంత్రమొకటి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వినపడ్డాక ఆ స్థలం ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని పిన్ని రూలు పెట్టింది. సంక్రాంతికొచ్చిన అల్లుడు తెలియక ఎత్తితే ఆయన నోట్లో గారె కుక్కినంత పని చేసింది. 2024 జూన్‌లో ఎన్నికల ఫలితాలు వచ్చాయో లేదో, అన్నేళ్ళూ అయిపులేని బ్రోకర్లందరికీ మళ్ళీ బాబాయి నెంబరు గుర్తొచ్చింది.

ఇంతలో బాబాయి కొడుక్కి, అంటే మా తమ్ముడికి, సంబంధాలు చూడటం మొదలైంది. గచ్చిబౌలిలో ఉద్యోగం, మంచి జీతం, చెడు అలవాట్లు లేవు. ఇవన్నీ విన్నాక ఆడపిల్లవాళ్ళు అడిగేది ఒకటే: "సొంత ఫ్లాటుందాండీ?" ఇక తప్పదని తేలింది. బ్యాంకు 60 లక్షలిస్తానంది. ఎనిమిది శాతం మీద 20 ఏళ్ళు, నెలకి 50 వేల పైచిలుకు వాయిదా. మిగతా డబ్బు, రిజిస్ట్రేషన్‌కయ్యే నూటికి ఏడున్నరా తుళ్ళూరు స్థలం ఇవ్వాలి. ఇక్కడ కొనాలంటే అక్కడ అమ్మాలన్నమాట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, బాబాయి మర్చిపోతాడు.

మీడియేటర్ చూపించింది ప్రగతినగర్‌లో రీసేల్ ఫ్లాటు. 1,250 ఎస్సెఫ్టీ, మూడో అంతస్తు, ఈస్ట్ ఫేసింగ్. ఓనరుగారు 92 లక్షలు చెబుతున్నారు. 2014లో ఆయన కొన్నది 38 లక్షలకని పిన్ని లిఫ్టు వచ్చేలోపు వాచ్‌మన్ దగ్గర లాగేసింది.

కారులోనే అందరికీ ఆర్డర్లు వేసింది. "ఏది చూసినా బాగుందని మాత్రం అనకండి. మొహం కూడా అదోలా పెట్టండి." అన్నట్టే వంటింట్లోకి వెళ్ళి, గట్టు మీద చెయ్యి ఆనించి, తన గ్రైండరు పట్టే చోటు కళ్ళతోనే కొలుచుకుని, వెనక యుటిలిటీలో వాషింగ్ మిషన్‌కి కుళాయి విడిగా ఉండటం చూసి ఒక్క క్షణం ఆగిపోయి, బయటికొచ్చి "ఆఁ, ఏదోలెండి" అంది. ఆ నటనకి నంది అవార్డు ఇవ్వచ్చు.

ఓనరు భార్య జంతికలు, కాఫీలు పెట్టింది. బాబాయి కప్పు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఇవి నిలిచే ధరలు కావండీ. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటిందంటే ముక్కున వేలేసుకున్నాం. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లట! అది వేలంపాటా, వేలంవెర్రా?"

ఓనరుగారు నవ్వబోయి మానుకున్నారు.

"మీ ఫ్లాటు అద్దెకిస్తే ఎంతొస్తుంది? 22 వేలు. ఏడాదికి 2 లక్షల 64 వేలు. 92 లక్షల మీద నూటికి మూడు కూడా గిట్టలేదు. అదే బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసుకుంటే రెట్టింపు. రిజర్వ్ బ్యాంకు 2025లో రెపో రేటు, అదే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ, ఆరున్నర నుంచి అయిదుంపావుకి దించింది. ఎందుకు దించింది? జనం చేతిలో డబ్బాడటం లేదనేగా! పోనీ ఇళ్ళకేమన్నా కరువా? 2006లోనే జీవో 86తో ఈ ఊళ్ళో ఎఫ్ఎస్ఐ హద్దు, అదే ఎంత స్థలంలో ఎంత కట్టొచ్చన్న లెక్క, ఎత్తేశారు. 50 అంతస్తులు లేపుతున్నారు. నేల పెరగదు సరే, ఆకాశానికేం తక్కువ? అన్నట్టు, ఇక్కడికి చెరువెంత దూరం?"

"అరకిలోమీటరుంటుందండీ."

"ఎండాకాలంలోనా, వానాకాలంలోనా?"

చెరువుల్లో కట్టినవాటిని కూల్చే హైడ్రా వచ్చాక ఈ ఊళ్ళో చెరువు మాటెత్తితే ఎంతటి ఓనరుకైనా గొంతులో జంతిక అడ్డం పడుతుంది. పడింది. మంచినీళ్ళు తాగి 88 అన్నారు. బాబాయి 2008లో అమెరికాలో ఇళ్ళకి పట్టిన గతి చెప్పుకొచ్చాడు. 86 అన్నారు. పిన్ని సంచిలోంచి పసుపు రాసిన కవరు, టోకెన్ అడ్వాన్సుది, సగం బయటికొచ్చింది.

సరిగ్గా అప్పుడు బాబాయి ఫోన్ మోగింది. తుళ్ళూరు బ్రోకరు. "ఒక్క నిమిషం" అని బాల్కనీలోకి వెళ్ళి మెష్ తలుపు వేసుకున్నాడు. ఆ మెష్ దోమల్ని ఆపుతుంది. ఎస్టీడీ బూత్‌ల కాలం నుంచీ ఫోన్‌లో అరిచి మాట్లాడే బాబాయి గొంతుని ఆపడం దానివల్ల ఏమవుతుంది?

"ఏంటయ్యా, ఆ రేటుకా? ఇప్పుడమ్మితే వెర్రివాణ్ణి! హైదరాబాద్‌లో ఎకరం 177 కోట్లు పలికిందయ్యా. అక్కడంత ఉంటే రేపు రాజధానిలో ఎంతుండాలి?"

ఓనరుగారి చేతిలో జంతిక ఆగిపోయింది.

"వడ్డీలు చూశావా? రెపో రేటు అయిదుంపావుకి దిగింది. అప్పు చవకైతే జనం ఊరుకుంటారా? కొంటారు. ఎగబడి కొంటారు!"

పిన్ని లేచి ఫ్యాను అయిదులో పెట్టింది. చాల్లేదు. "వదినగారూ, మీ మిక్సీ ఏ కంపెనీ అండీ? ఒకసారి తిప్పి చూపిస్తారా?" అంది.

"అద్దె ఏంటయ్యా అద్దె! అద్దె కోసం కొంటారా ఎవరైనా? ఇవాళ కొని రేపు ఇంకొకడికి ఎక్కువకి అమ్మడానికి కొంటారు. నేల పెరుగుతుందా? చెప్పు. పెరుగుతుందా?"

నిజానికి నాకు రెండు ఉపన్యాసాల్లోనూ తప్పేమీ కనపడలేదు. జీతాలిచ్చే కంపెనీలు ఉన్నన్నాళ్ళూ ఈ ఊళ్ళో కొనేవాళ్ళుంటారు. కానీ అద్దె నూటికి మూడు దాటని చోట ధరని నిలబెడుతున్నది మన తర్వాత ఒకడొస్తాడన్న ఆశే. ఆ ఒకడు వచ్చేదాకా వాయిదాలు కట్టేవాడు మాత్రం మా తమ్ముడు. వాడు ఆ పాటికే మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

బాబాయి కళ్ళజోడు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "ఆఁ, ఎక్కడున్నాం? 86 దగ్గర కదూ?"

"95 దగ్గరండీ" అన్నారు ఓనరుగారు.

"అదేంటండీ!"

"నేల పెరుగుతుందాండీ?"

బాబాయి ఒకసారి మెష్ వంక, ఒకసారి పిన్ని వంక చూశాడు. "అది స్థలమండీ, ఇది ఫ్లాటు. దీనికి నేలలో వచ్చే వాటా, అన్‌డివైడెడ్ షేర్, మహా అయితే 40 గజాలు" అన్నాడు గానీ, పట్టు జారిపోయింది.

"అయితే ఆ స్థలమే నాకిప్పించండి. ఫోన్‌లో అతనెంతంటే అంతే నేనూ ఇస్తాను, ఫ్లాటు ధరలో సర్దుకుందాం" అన్నారాయన, చాలా మర్యాదగా.

తమ్ముడు తలెత్తాడు. పిన్ని మొహం వెలిగింది. అటు అమ్మకం, ఇటు కొనుగోలు ఒక్క బల్ల మీద తెగిపోతుంటే ఇంకేం కావాలి?

"లేదండీ," అన్నాడు బాబాయి, ఆలోచనలో పడి. "అతనికి ఇచ్చేద్దామనే ఫోనెత్తాను. కానీ అదంతా చెప్తుంటే నాకే అనిపించింది, ఇప్పుడమ్మడం తెలివితక్కువని."

"నాకూ అదే అనిపించిందండీ, మీరు చెప్తుంటే" అన్నారు ఓనరుగారు. "అమ్మడం మానుకుందామనుకుంటున్నాను."

ఇద్దరూ ఒకరి దూరదృష్టిని ఒకరు మెచ్చుకుని చేతులు కలుపుకున్నారు. పిన్ని కవరు సంచిలో అడుక్కి తోసేసింది. తమ్ముడు మాకంటే ముందు మెట్లు దిగిపోయాడు.

లిఫ్టులో మీడియేటర్ మాతోనే ఉన్నాడు. రెండువైపులా నూటికి ఒకటి చొప్పున కమిషన్ రావలసిన మనిషి. కళ్ళముందే అంతా పోయినా ఆయన మొహంలో బాధ లేదు. బాబాయి వంకే ఆరాధనగా చూస్తున్నాడు.

"సార్, మీరు మా ఆఫీసుకి వచ్చేయండి సార్. పొద్దున అమ్మేవాళ్ళని కూర్చోబెడతాను, హాల్లో చెప్పింది చెప్పండి. సాయంత్రం కొనేవాళ్ళని కూర్చోబెడతాను, బాల్కనీలో చెప్పింది చెప్పండి."

బాబాయి ఏదో అనబోయాడు.

"మీరుండండి" అని పిన్ని అడ్డుపడి, మీడియేటర్ వైపు తిరిగింది. "జీతమా, కమిషనా?"